యెగార్ అంటే రావడం, ప్లెకా అంటే పోవడం: రెండూ ఒకే క్రియా?

ప్రశ్న:
మాడ్రిడ్‌లో ఉంటున్నా, స్పానిష్ నేర్చుకుంటున్నా. మా ఫ్లాట్‌లో ఒక రొమేనియా అమ్మాయి ఉంది. రోజూ పొద్దున బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గర ‘ప్లెక్’ అంటుంది, వెళ్తున్నా అని. నిన్న క్లాసులో ‘యెగార్’ (చేరుకోవడం) చెబుతూ టీచర్, ఆ ‘ప్లెకా’ దీని తోబుట్టువే అన్నారు. ఒక తల్లి పిల్లల్లో ఒకటి రావడం, ఇంకోటి పోవడం ఎలా అయ్యాయండీ? ‘యెగార్’లో ఆ ‘ప్ల’ ఎటుపోయింది?

జవాబు 1:
టీచర్ గారు చెప్పింది నిజమే. తల్లి లాటిన్ ‘ప్లికారె’, మడతపెట్టడం. ఇటాలియన్ ‘పియెగారె’, ఫ్రెంచ్ ‘ప్లియె’ ఇప్పటికీ మడతపెట్టడమే. ఓడ రేవుకొస్తే తెరచాపలు మడుస్తారు కాబట్టి స్పానిష్‌లో చేరుకోవడం అయిందని, సైన్యం కదిలే ముందు గుడారాలు మడుస్తుంది కాబట్టి రొమేనియన్‌లో బయల్దేరడం అయిందని చెప్తారు. ఇక మీ ‘ప్ల’ సంగతి, వాన మాట చూడండి: లాటిన్ ‘ప్లువియా’, స్పానిష్‌లో ‘యూవియా’, పోర్చుగీసులో ‘షువా’. ‘యెగార్’ కూడా పోర్చుగీసులో ‘షెగార్’. రొమేనియన్ మాత్రం ‘ప్ల’ని వదల్లేదు.

జవాబు 2:
గుడారాల మాట సరే గానీ, తెరచాపల కథ నాకు మింగుడు పడదు. 4వ శతాబ్దం చివర్లో ఎజేరియా అనే యాత్రికురాలు సినాయ్, జెరూసలేం తిరిగి రాసిన లాటిన్ యాత్రా వృత్తాంతంలో ‘ప్లికారె’ని ‘దగ్గరికి చేరడం’ అనే అర్థంలోనే వాడింది, అదీ కొండ దగ్గరికి నడుస్తూ. ఎడారిలో తెరచాప ఎక్కడిది? లాటిన్‌లోనే ‘అప్లికారె’ అంటే ఒకదానికి ఇంకోటి ఆనించడం, ఓడని ఒడ్డుకు చేర్చడానికీ అదే మాట. ‘యెగార్’కి దారి అటునుంచే అని నా నమ్మకం. ఒడ్డు నిజంగా కనిపించేది ఫ్రెంచ్ ‘అరివె’ (చేరుకోవడం)లో, దాని మూలంలో ఉన్న లాటిన్ ‘రీపా’ అంటే ఒడ్డే.

జవాబు 3:
నేను బార్సిలోనాలో ఉంటా. ఇక్కడి భాష కాటలాన్‌లో ‘ప్లెగా’ అంటే మడతపెట్టడం, ఆ రోజుకి పని ముగించడం కూడా. మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడ షట్టర్ సగం దించి, బయట పెట్టిన బుట్టలు లోపలికి లాక్కుంటూ ‘ప్లెగెమ్’ అంటుంది, అచ్చం మనం దుకాణం కట్టేస్తున్నాం అన్నట్టే. అంతెందుకు, బిచాణా అంటే పక్కబట్టలేగా, ‘బిచాణా ఎత్తేశాడు’ అంటే వెళ్లిపోయాడని మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రొమేనియన్ వాళ్లదీ అదే దారి.

ప్రశ్న అడిగినవారు:
బిచాణా దగ్గర నాకు మొత్తం వెలిగింది, చాలా థాంక్సండీ. రేపు గుమ్మం దగ్గర ఆ అమ్మాయికి చెప్తా. ఇంతకీ మన ‘అప్లికేషన్’ కూడా ఆ ‘అప్లికారె’నేనా?

జవాబు 2:
అవునండీ, అదే.