మాంసం, గుడ్డు లేకుండా లో కార్బ్ (పిండిపదార్థం తక్కువ తిండి): మీల్ మేకర్, పనీర్, టోఫు తిన్నవాళ్లు చెప్పండి

అనంత_పాతూరు:
మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8.1 వచ్చింది. అన్నం, సంగటి తగ్గించి ప్రొటీన్ పెంచమని డాక్టరమ్మ చెప్పి ఆరు వారాలైంది. పప్పులో ప్రొటీన్ ఉంది కదా అని గిన్నెడు తినేవాడిని. కందిపప్పు వంద గ్రాముల్లో ప్రొటీన్ 22 అయితే పిండిపదార్థం 55 పైనే అని తెలిశాక దాన్నీ తగ్గించాను. ఇప్పుడు రోజూ వంద గ్రాముల మీల్ మేకర్ (సోయా ముక్కలు) తింటున్నా, 52 గ్రాముల ప్రొటీన్ వస్తోంది. మూడు విషయాలు చెప్పండి. దాని వాసన ఎలా పోతుంది? అనంతపురంలో టోఫు (సోయా పాల పనీర్) ఎక్కడ దొరుకుతుంది? మోషన్ సాఫీగా అవడం లేదు, మీకెవరికైనా ఇలా అయిందా?

ఆదోని_అక్క:
వాసనకు మందు ఉంది తమ్ముడూ. మరిగే ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో వేసి గట్టిగా పిండు. మళ్లీ చన్నీళ్లు పోసి మళ్లీ పిండు. రెండోసారి పిండటమే అసలు పని, అందరూ అదే వదిలేస్తారు. తర్వాత పెరుగు, అల్లం వెల్లుల్లి, ఎర్రకారం పట్టించి అరగంట ఉంచి పెనం మీద వేయించు. గుత్తివంకాయకు చేసే బుడ్డల (వేరుశనగ) మసాలాలో వేస్తే మా పిల్లలు కూడా అడిగి పెట్టించుకుంటున్నారు. నాకు పెళ్లయినప్పటి నుంచీ రాత్రి జొన్నరొట్టె లేకుండా నిద్ర లేదు. అది మానడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కర్నూలు_జిమ్:
అన్నా, వంద గ్రాములు అంటే ఎండువా, నానబెట్టినవా?

అనంత_పాతూరు:
ఉడికించి పిండాక తూచాను.

కర్నూలు_జిమ్:
అయితే నీకు 52 రావడం లేదు. ఆ అంకె ఎండువాటిది. నీళ్లు పీల్చుకున్నాక బరువు మూడింతలు అవుతుంది. నీ ప్లేటులో ఉన్నది 17, 18 గ్రాములే. నేనూ ఇదే తప్పు చేసి నాలుగు నెలలు పోగొట్టుకున్నా. బరువు తగ్గింది, దాంతోపాటు కండ కూడా పోయింది.

ప్రొద్దుటూరు_మిల్లు:
తప్పు చెప్పి జనాన్ని భయపెట్టొద్దు. ఇరవై ఏళ్లుగా నూనె వ్యాపారంలో ఉన్నాను, సోయా గురించి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గింజ నుంచి నూనె తీశాక మిగిలిన పిండితో చేసేదే మీల్ మేకర్, అందుకే అంత ప్రొటీన్. నానబెడితే ప్రొటీన్ ఎక్కడికి పోతుంది, ఆవిరవుతుందా? 52 అంటే 52.

కర్నూలు_జిమ్:
పోతుందని నేను అనలేదు సార్. సరిగా చదవండి. వంద గ్రాముల ఎండువి నానితే మూడు వందల గ్రాములు అవుతాయి. ఆ మూడు వందలూ తింటే 52. ఆయన తినేది అందులో వందే.

ప్రొద్దుటూరు_మిల్లు:
మూడింతలు అని ఎవరు చెప్పారు? యూట్యూబులో చూసి లెక్కలు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు.

కర్నూలు_జిమ్:
మీ ఇంట్లో త్రాసు ఉంటుంది కదా, తూచి చెప్పండి. ఎదురుగా ఉన్నది షుగర్ మనిషి, తప్పు అంకె నమ్మితే ఆయన ఒంటికే నష్టం.

కడప_రిటైర్డ్_టీచర్:
మీల్ మేకర్ గొడవ ఆపి పనీర్ సంగతి చూడండి. ఒక షాపులో చవగ్గా వచ్చిందని రెండు నెలలు తిన్నాను, తిన్న ప్రతిసారీ షుగర్ పెరిగింది. కారణం తెలియక మాత్ర డోసు పెంచుకునేదాకా వచ్చింది. చివరికి ఒక ముక్క ఉడికించి చల్లార్చి టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేస్తే నీలంగా మారింది. అంటే అందులో గంజి పొడి కలిపారు. అప్పటి నుంచి గేదె పాలు తెచ్చి నిమ్మరసంతో ఇంట్లోనే విరగ్గొడుతున్నాను. లీటరుకు 200 గ్రాముల దాకా వస్తుంది. అనంతపురం ఆయనా, దయచేసి ఈ పరీక్ష చేయకుండా బయటి పనీర్ తినకండి.

కదిరి_రైతు:
అందరూ సోయా, పనీర్ అంటున్నారు, మన చెనిక్కాయలు (వేరుశనగలు) గుర్తు రాలేదా? వంద గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్, పిండిపదార్థం 16, అందులో సగం పీచే. కదిరి పరిశోధనా కేంద్రంలో తయారైన కదిరి 6, కదిరి లేపాక్షి రకాలు వేసే జిల్లా మనది. వానలు మోసం చేసినా ఈ పంట మీదే బతికాం. ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) చేసుకుని తినండి.

ఆదోని_అక్క:
ఊరిబిండి దేంతో తినాలన్నా? సంగటి లేదు, రొట్టె లేదు. వట్టి ఊరిబిండి ఎంత తింటాం? పైగా అందులో సగం నూనే, గుప్పెడు దాటితే బరువు తగ్గదు.

గుత్తి_వాసి:
సంగటి ఎందుకు మానాలి? మన తాతలు అదే తిని నూరేళ్లు బతికారు. మన ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది సిరిధాన్యాల మీద చేసిన పనికే. కొర్రన్నం తిని మా నాన్నకు షుగర్ అదుపులోకి వచ్చింది.

కర్నూలు_జిమ్:
తెల్లన్నం కంటే కొర్రలు మేలే, కాదనను. కానీ ఎండు కొర్రల్లో నూటికి 60, రాగుల్లో 70 దగ్గర పిండిపదార్థమే. అది మంచి తిండి కావచ్చు, లో కార్బ్ మాత్రం కాదు. తాతలు పొద్దంతా చేలో పనిచేశారు.

గుత్తి_వాసి:
మా తాత గురించి మీకేం తెలుసు?

నంద్యాల_నర్సు:
ఒక్క మాట. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ బాగా పడిపోయి చెమటలు పట్టి కింద పడతారు. మా వార్డులో చూస్తుంటాను. డోసు గురించి మీ డాక్టరమ్మను ముందే అడగండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకుని ప్రొటీన్ పెంచండి.

ప్రొద్దుటూరు_మిల్లు:
రాత్రి తూచాను. ఎండువి 50 గ్రాములు, ఉడికించి బాగా పిండాక 148. కర్నూలు తమ్ముడు చెప్పిందే నిజం, మాట తూలాను, క్షమించు. పాతూరు ఆయనా, ఇక మీద ఎండువే తూచండి. 50 గ్రాములకు ప్రొటీన్ 26. పిండిపదార్థం 16 ఉంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

కర్నూలు_జిమ్:
పెద్దవారు, క్షమించు అనకండి సార్.

కడప_రిటైర్డ్_టీచర్:
టోఫు కోసం ఊరంతా తిరగక్కర్లేదు. పావు కిలో సోయా గింజలు రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పాలు వడగట్టి, పావుగంట బాగా మరిగించాలి. పచ్చివాసన పోకముందే దించితే కడుపు ఉబ్బుతుంది. తర్వాత నిమ్మరసం పిండి, గుడ్డలో కట్టి బరువు పెట్టడమే.

అనంత_పాతూరు:
అందరికీ దండాలు. ఇన్నాళ్లూ తప్పుగా తూచాను, ఇవాళ్టి నుంచి ఎండువే తూస్తాను. డాక్టరమ్మకు ఫోన్ చేశాను, గురువారం రమ్మన్నారు. మోషన్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఆదోని_అక్క:
అయ్యో, మరిచిపోయాం తమ్ముడూ. నాకూ మొదటి నెల అదే. రొట్టెతోపాటు పీచు కూడా పోయింది కదా. పూటకు కట్ట చొప్పున తోటకూరో గోంగూరో తిను, చిక్కుడు, బీర, సొరకాయ ఎక్కువ వండించు. అవిసెగింజల పొడి ఒక చెంచా మజ్జిగలో కలుపు, నీళ్లు బాగా తాగు. నాకు పది రోజుల్లో సర్దుకుంది. అప్పటికీ కాకపోతే గురువారం డాక్టరమ్మకు సిగ్గుపడకుండా చెప్పు.