క్యాలిబ్రేషన్‌కి మన మాట ఏది?

గ్రూపు పెద్దలకు నమస్కారం. టార్చిలైట్ల వెలుగు కొలవడానికి ఇంట్లోనే ఒక పరికరం చేసుకున్నాను. థర్మోకోల్ అర్ధగోళాలు రెండు అతికించి, ఒక పక్క టార్చి మూతి పట్టేంత బెజ్జం, ఇంకో పక్క లక్స్‌మీటరు కన్ను పట్టేంత బెజ్జం పెట్టాను. టార్చి వెలుగు నేరుగా మీటరు మీద పడకుండా మధ్యలో చిన్న తెల్ల అట్ట అడ్డు. వెలుగు లోపలి తెలుపుకి తగిలి, మళ్ళీ మళ్ళీ చెదిరి, గోళమంతా ఇంచుమించు సమంగా పరుచుకుంటుంది. ప్రయోగశాలల్లో ఉల్‌బ్రిఖ్ట్ గోళం చేసే పని ఇదే. అక్కడ లోపల బేరియం సల్ఫేట్ లాంటి పూత ఉంటుంది, నాకు థర్మోకోల్ తెలుపే పూత.

మీటరు చూపించేది లక్సులు, అంటే ఒక చోట ఎంత పడుతోందో; నాకు కావలసింది ల్యూమెన్లు, అంటే టార్చి మొత్తం ఎంత ఇస్తోందో. అందుకని ఎన్ని ల్యూమెన్లో ముందే తెలిసిన టార్చి ఒకటి తెచ్చి పెట్టాను. అది ల్యాబ్‌లో కొలిచిన 500 ల్యూమెన్ల టార్చి. మీటరు 2,000 చూపించింది. అంటే మీటరు అంకెని 0.25తో గుణిస్తే ల్యూమెన్లు వస్తాయన్నమాట. తర్వాత పెట్టిన కొత్త టార్చికి 3,400 వచ్చింది, కాబట్టి అది 850 ల్యూమెన్లు.

ఈ పనిని క్యాలిబ్రేషన్ అంటారు. మా నాన్నగారికి చెప్పబోయి 'క్రమాంకనం' అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పని మొత్తం వివరించాక, "కాటాకి ముద్ర వేయించడం లాంటిదా?" అన్నారు. అప్పటినుంచి ఈ మాట నన్ను వదలడం లేదు. మీ వృత్తిలో, మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు?

వ్యాఖ్య:
భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఒక మాట. క్రమాంకనం అంటే వరసగా అంకెలు వేయడం. థర్మామీటరుని కరిగే మంచులో పెట్టి 0, మరిగే నీటి ఆవిరిలో పెట్టి 100 గుర్తించి, మధ్యలో గీతలు గీస్తామే, దానికి ఈ మాట చక్కగా సరిపోతుంది. మీ మీటరు మీద అంకెలు ముందే ఉన్నాయి. మీరు చేసింది తెలిసినదానితో పోల్చి గుణకం కట్టడం. ఆ ఇంగ్లీషు మాట కూడా తుపాకీ గొట్టం లోపలి వెడల్పుని చెప్పే క్యాలిబర్ నుంచి వచ్చిందే. ఏ మాటా పుట్టుకతోనే పూర్తి అర్థం తెచ్చుకోదు, వాడగా వాడగా నిండుతుంది.

వ్యాఖ్య:
మాది కంసాలి ఇల్లు. ఒరగల్లు మీద వన్నె తెలిసిన బంగారంతో ఒక గీత గీసి, దాని పక్కన తెచ్చిన నగతో ఇంకో గీత గీసి చూస్తాం. 'ఒరపెట్టి చూడటం' అనండి తమ్ముడూ, అందరికీ తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారు:
అన్నగారూ, మాట ఎంతో బాగుంది. కానీ ఒరపెట్టేది సరుకుని కదా. ఇక్కడ పరీక్ష సరుక్కి కాదు, నా థర్మోకోల్ గోళానికి. ఇది ఒరగల్లునే పరీక్షించడం లాంటిది.

వ్యాఖ్య:
అయితే 'పడికట్టు' చూడండి. పడికట్టు రాయి అంటే తూనికరాయి. ఇప్పుడు 'పడికట్టు పదాలు' అన్నప్పుడే ఈ మాట వినబడుతోంది గానీ, అసలు చోటు త్రాసు దగ్గరే. బరువు తెలిసిన రాయి వేసి ముల్లు చూస్తాం. మీ 500 ల్యూమెన్ల టార్చి చేసిన పని అదే.

ప్రశ్న వేసినవారు:
ఇది నాకు బాగా నచ్చిందండీ. ఆ టార్చి 'పడికట్టు టార్చి', చేసిన పని 'పడికట్టుతో సరిచూడటం'. పొడుగే, అయినా మా నాన్నగారు వినగానే తలూపారు.

రాయికీ టార్చికీ ఒక తేడా ఉంది. రాయి బరువు పొద్దునా సాయంత్రం ఒకటే, టార్చి మాత్రం వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. అందుకే టార్చిలైట్ల కొలతలకి పెట్టిన ఎఫ్ఎల్ 1 ప్రమాణంలో వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపల కొలవమంటారు. పడికట్టు టార్చికీ కొత్త టార్చికీ ఒకే సమయం పాటించాలి, రెండిటికీ బ్యాటరీ నిండుగా ఉండాలి. మూతి చిన్నదైతే చుట్టూ ఖాళీని తెల్ల అట్టతో మూయాలి, లేకపోతే వెలుగు బయటికి పోయి అంకె తగ్గుతుంది.

ఇంకో సంగతి ఈ పనిలోనే తట్టింది. దీపం ఇచ్చేది వెలుగు, గదిలో ఉండేది వెలుతురు. 'దీపం వెలుగుతోంది' అంటాం, 'గదిలో వెలుతురు చాలలేదు' అంటాం. ల్యూమెన్ వెలుగు లెక్క, లక్స్ వెలుతురు లెక్క. ఈ తేడా మన వాడుకలో ముందునుంచీ ఉన్నందుకు చాలా సంతోషంగా ఉంది.

వ్యాఖ్య:
మరి ఒక దిక్కుగా పోయే వెలుగు తీవ్రతని చెప్పే కాండెలాకి మన మాట ఏది?

ప్రశ్న వేసినవారు:
అక్కడే ఆగిపోయానండీ. 5 మీటర్ల దూరంలో మీటరు 400 లక్సులు చూపిస్తే, దూరం వర్గం 25తో గుణించి 10,000 కాండెలాలు. ఎఫ్ఎల్ 1 లెక్కలో ఆ టార్చి 200 మీటర్లు పోతుంది, అక్కడ మిగిలే వెలుతురు 0.25 లక్స్. రాత్రిపూట పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాళ్ళు మా వైపు 'ఈ లైటు దూరం కొడుతుంది' అంటారు. క్రియ ఉంది, నామవాచకం దొరకలేదు. మీ వైపు ఏమంటారో చెప్పండి.