కొడుకు దగ్గరికి వెళ్తే పెరగకుండా ఆగిపోయే పెన్షన్, కూతురి దగ్గరికి వెళ్తే పెరిగే పెన్షన్: ఇది ఏ లెక్కన న్యాయం?

ప్రశ్న (లెస్టర్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేసి, 36 ఏళ్లపాటు నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కట్టే ప్రభుత్వ బీమా చందా) కట్టి, 2023లో రిటైరయ్యాను. అప్పుడు వారానికి 203.85 పౌండ్లతో మొదలైన నా స్టేట్ పెన్షన్ (ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్) 2025-26లో 230.25 పౌండ్లకు చేరింది. మావారు పోయినప్పటి నుంచి ఒంటరిగా ఉండవద్దని పిల్లలిద్దరూ పట్టుబడుతున్నారు. అబ్బాయి మెల్‌బోర్న్‌లో, అమ్మాయి న్యూజెర్సీలో ఉన్నారు. అబ్బాయి దగ్గరికే వెళ్దామని మనసులో అనుకుని, ఇంట్లో ఏ సామాను ఎవరికివ్వాలో కూడా రాసి పెట్టుకున్నాను.

ఇంతలో ఒక స్నేహితురాలు చెప్పగా తెలిసింది: ఆస్ట్రేలియాలో స్థిరపడితే నా పెన్షన్ నేను బయలుదేరిన నాటి మొత్తం దగ్గరే ఆగిపోతుందట, అమెరికాలో స్థిరపడితే మాత్రం ఇక్కడ ఉన్నవారితో సమానంగా ప్రతి ఏప్రిల్‌లోనూ పెరుగుతుందట. కట్టిన చందా ఒకటే, కట్టిన మనిషీ ఒకరే. నా జీతం నుంచి ఆ డబ్బు కోసుకున్న అన్నేళ్లలో ఏ ఒక్కరూ నన్ను ముసలితనంలో ఏ దేశంలో ఉంటావని అడగలేదు. ఇది నిజమేనా, నిజమైతే ఏ ప్రాతిపదికన చేస్తున్నారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (కెనడాలోని అంటారియో నుంచి)

అమ్మా, మీరు విన్నది నిజమే. మా మామగారి సంగతి చెబుతాను. ఆయన 1961లో, 21వ ఏట బర్మింగ్‌హాం చేరి, 65 నిండేవరకు అక్కడి ఫౌండ్రీలలో పనిచేశారు. 2005లో పెన్షన్ మొదలైన కొన్ని నెలలకే మా దగ్గరికి వచ్చేశారు. ఆనాటి పూర్తి బేసిక్ పెన్షన్ (మీకొచ్చే కొత్త పెన్షన్‌కు ముందున్న పాత పద్ధతి) వారానికి 82.05 పౌండ్లు, ఈ రోజుకీ ఆయనకు అంతే. అదే బేసిక్ పెన్షన్ బర్మింగ్‌హాంలోనే ఉండిపోయిన ఆయన తోటివారికి 2025-26లో 176.45 పౌండ్లు.

ఆయనకు డబ్బు జమ అయిన ప్రతిసారీ డైరీలో రాసుకునే అలవాటుంది. నాలుగు వారాలకొకసారి 328.20 అనే అంకె ఇరవై ఏళ్లుగా ఆ డైరీల్లో మారకుండా కనిపిస్తుంది. పక్క గడిలో రాసే కెనడా డాలర్ల మొత్తం ఒక్కటే మారకపు రేటును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంటుంది. మొదట్లో ఆ డబ్బుతో తన మందులకూ మనవల పుట్టినరోజులకూ ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునేవారు. ఇప్పుడు మా అబ్బాయికి బూట్లు కొనడానికి కూడా మావారి ముఖం చూడవలసి వస్తోందని బాధపడతారు. మేము నయాగరా జలపాతానికి దగ్గరలోనే ఉంటాం. నది దాటి అమెరికా వైపు ఇల్లు తీసుకుని ఉంటే ఆయన పెన్షన్ ఏటా పెరిగేది. ఈ మాట ఆయన ముందు మేమెవ్వరం ఎత్తం.

జవాబు (లండన్ నుంచి)

ప్రాతిపదిక అడిగారు కనుక చట్టం వైపు నుంచి చెబుతాను. విదేశంలో ఉన్నవారికి పెన్షన్ చెల్లించడం వేరు, దాన్ని ఏటా పెంచడం వేరు. చెల్లింపు ఏ దేశానికైనా జరుగుతుంది. పెంపు మాత్రం యూరోపియన్ యూనియన్ దేశాలకూ స్విట్జర్లాండ్‌కూ, ఇంకా పెంపును కూడా కలుపుకున్న ఒప్పందం బ్రిటన్‌తో ఉన్న అమెరికా, ఇజ్రాయెల్, టర్కీ, ఫిలిప్పీన్స్, జమైకా, బార్బడోస్ వంటి దేశాలకూ పరిమితం. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, భారత్, పాకిస్తాన్ ఆ జాబితాలో లేవు. జమైకాకు తిరిగి వెళ్లిన వృద్ధుడికి పెంపు వస్తుంది, ట్రినిడాడ్‌కు తిరిగి వెళ్లినవాడికి రాదు. ఇలా పెన్షన్ పెంపు ఆగిపోయినవారు సుమారు నాలుగున్నర లక్షల మంది. వారిలో అత్యధికులు కామన్వెల్త్ దేశాల్లోనే ఉన్నారు.

దక్షిణాఫ్రికాలో స్థిరపడిన అనెట్ కార్సన్ గారు దీన్ని కోర్టులో సవాలు చేశారు. 2005లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమె వాదాన్ని తోసిపుచ్చింది. 2010లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు గ్రాండ్ చాంబర్ (విస్తృత ధర్మాసనం) కూడా 11-6 మెజారిటీతో బ్రిటన్ ప్రభుత్వాన్నే సమర్థించింది. విదేశాల్లో ఉన్నవారిని బ్రిటన్‌లో ఉన్నవారితో పోల్చడానికి వీల్లేదనీ, నేషనల్ ఇన్సూరెన్స్ చందాకూ పెన్షన్‌కూ ప్రైవేటు బీమాలో ఉన్నటువంటి నేరుగా ముడి లేదనీ న్యాయమూర్తుల్లో ఎక్కువమంది భావించారు. కాబట్టి కోర్టుల దారి దాదాపు మూసుకుపోయినట్టే.

అయితే చట్టబద్ధమైనంత మాత్రాన న్యాయమైపోదని నా నిశ్చితాభిప్రాయం. పెంపు బ్రిటన్‌లోని ధరలకూ వేతనాలకూ సంబంధించినదనీ, వేరే దేశపు ఖర్చులతో దానికి పని లేదనీ సర్కారు వైపు వాదన. ఆ మాటే నిజమైతే ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఉన్నవారికి ఎందుకు పెంచుతున్నారు? 2023 ఏప్రిల్‌లో పెరిగిన 10.1 శాతం వారికీ దక్కింది, సిడ్నీలో ఉన్నవారికి మాత్రం ఒక్క పెన్నీ కలవలేదు. ఎవరికి పెంచాలో ధరలు తేల్చడం లేదు, ఎప్పుడో కుదిరిన ఒప్పందాలు తేలుస్తున్నాయి. ఆ ఒప్పందాల మీద సంతకం పెట్టినవారిలో పెన్షనర్ ఒక్కడూ లేడు.

జవాబు (పెర్త్ నుంచి)

లెస్టర్ అక్కయ్యగారికి, ఇక్కడి పరిస్థితి తెలిసినవాడిగా కొన్ని మాటలు. ఈ అన్యాయం కారణంగానే ఆస్ట్రేలియా 2001లో బ్రిటన్‌తో ఉన్న సామాజిక భద్రత ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. ఇక్కడి ఏజ్ పెన్షన్ ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చేది. దానికి సాధారణంగా పదేళ్ల నివాసం ఉండాలి. అందువల్ల ఈ వయసులో వచ్చినవారు చాలాకాలం పెంపు ఆగిపోయిన బ్రిటిష్ పెన్షన్ మీదా, పిల్లల మీదా ఆధారపడక తప్పదు. బ్రిటన్‌లో ఆదాయం తక్కువైనవారికి దొరికే పెన్షన్ క్రెడిట్ కూడా అక్కడ నివాసం వదిలితే పోతుంది.

ఏ నాటి రేటుతో బయలుదేరితే ఆ రేటే నిలుస్తుంది కనుక, వీలైతే ఏప్రిల్ పెంపు మీ చేతికి వచ్చాకే రండి. మళ్లీ బ్రిటన్‌కు వెళ్లి స్థిరపడినా, పెంపు ఉన్న దేశానికి మారినా అప్పటి పూర్తి రేటు ఇస్తారు, కానీ మధ్యలో పోయిన ఏళ్ల తేడా తిరిగి రాదు. అప్పుడప్పుడు బతికే ఉన్నారని ధ్రువీకరించే ఫారం పోస్టులో వస్తుంది. సాక్షి సంతకంతో వెంటనే పంపకపోతే చెల్లింపే ఆగిపోవచ్చు, జాగ్రత్త.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (లెస్టర్ నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. అంటారియో అమ్మాయీ, మీ మామగారి డైరీ గురించి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ట్రిపుల్ లాక్ ప్రకారం ధరలు, వేతనాలు, 2.5 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెంచాలి కదా. కనీసపు 2.5 శాతమే వేసుకున్నా 230.25 పదేళ్లకు 294 దాటుతుంది. మెల్‌బోర్న్‌లో అది 230 దగ్గరే ఉంటుంది, నాకు మాత్రం 78 ఏళ్లు వస్తాయి.

అయినా అమ్మాయి దగ్గరికి వెళ్లడమే తేలిక అనుకోలేకపోతున్నాను, ఎందుకంటే నన్ను చూసుకునే వీలు అబ్బాయి ఇంట్లోనే ఉంది. పెన్షన్ చూసి కన్నబిడ్డల్లో ఒకరిని ఎంచుకోవలసి రావడం నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బగా తోస్తోంది. ఏప్రిల్ దాటేవరకు ఆగుతాను. ఈలోగా మా నియోజకవర్గ ఎంపీ గారికి ఉత్తరం రాస్తాను. విదేశాల్లో ఉన్న బ్రిటిష్ పౌరుల ఓటు హక్కుకు ఉన్న పదిహేనేళ్ల గడువును 2024 జనవరి నుంచి తొలగించారు కనుక, విదేశానికి వెళ్లినా నా ఓటు ఇక్కడే ఉంటుందని కూడా అందులో గుర్తుచేస్తాను. లండన్ వారిని ఒక్క మాట అడుగుతున్నాను: పాత బకాయిలు వద్దు, ఇకనుంచైనా ఏటా పెంచండి అని అడిగితే ఎంపీలు కాస్త చెవి ఒగ్గే అవకాశం ఉందంటారా? ఉంటే ఉత్తరంలో ముందు దాన్నే రాస్తాను.