తోలుబొమ్మలాట తెర వెనక ఏ లైటు కట్టాలి?

నమస్కారం. వచ్చే శనివారం రాత్రి 7 గంటలకు మా కళాసమితి తరఫున కల్యాణమండపంలో తోలుబొమ్మలాట పెట్టిస్తున్నాం. పోయిన నెల 34 మందిమి బస్సు కట్టించుకుని ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లి, బొమ్మలు చేసే ఇళ్లు చూసొచ్చాం. అక్కడి బృందమే వస్తోంది. చిక్కంతా లైటుతోనే.

తెర 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. తెల్ల నూలు పంచెలు కలిపి కుట్టించాం. అక్కడ కొన్న హనుమంతుడి బొమ్మతో నిన్న పరీక్షించాం. 50 వాట్ల తెల్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు 3 అడుగుల వెనక పెడితే నడిమధ్యన కళ్లలో గుచ్చుతోంది, అంచుల్లో చీకటి. తోలు మీది ఎరుపు పాలిపోయింది. 5 అడుగులు వెనక్కి జరిపితే మధ్యలో మెరుపు తగ్గింది గానీ, బొమ్మ పట్టుకున్నవాడి నీడ కూడా తెర మీద పడింది. రెండు లైట్లు పెడితే హనుమంతుడికి రెండు తోకలు! గుడ్డ రెండు పొరలు వేస్తే రంగులు మసకబారాయి.

పూర్వంలా ఆముదం దీపాలు పెడదామంటే మండపంవాళ్లు మంట వద్దంటున్నారు. బృందం పెద్దాయన ఫోన్లో పాత ఫిలమెంట్ బల్బులే మేలన్నారు. మా అంగళ్లలో 100 వాట్లవి దొరకలేదు.

ఎల్ఈడీలతో ఈ ఆట ఆడించినవాళ్లు కాస్త చెప్పండి: ఈ కొలత తెరకు ఏ రంగు వెలుగు బల్బులు, ఎన్ని వాట్లవి, ఎంత ఎత్తులో, ఎంత దూరంలో కట్టాలి?