రొక్కం బేరం సూపర్ మార్కెట్‌కు, అరువు బేరం మా కొట్టుకు: ఇక ఏం చేయాలి?

పాలకొల్లు పచారీ (ప్రశ్న):
మా నాన్నగారు 1991లో పాలకొల్లులో పెట్టిన కిరాణా కొట్టును నాలుగేళ్లుగా నేను చూసుకుంటున్నాను. రెండేళ్ల కిందట మా వీధికి కిలోమీటరు దూరంలో పెద్ద సూపర్ మార్కెట్ ఒకటి తెరిచారు. బేరాలు తగ్గుతాయని అనుకున్నాం గానీ, తగ్గిన తీరును ఊహించలేదు. జీతాలు పడగానే మా పాత ఖాతాదారులు అక్కడికి వెళ్లి సబ్బులు, టీ పొడి, నూనె ప్యాకెట్లు రొక్కానికి తెచ్చుకుంటున్నారు. ఇరవయ్యో తేదీ దాటాక అరకిలో కందిపప్పుకు మా దగ్గరకు వచ్చి ‘రాసుకోండి’ అంటున్నారు. చుట్టుపక్కల ఊళ్ల కౌలు రైతుల ఖాతాలు సార్వా (వానాకాలం పంట) ధాన్యం డబ్బు చేతికి వచ్చేదాకా, ఒక్కోసారి దాళ్వా (రెండో పంట) దాకా తీరవు. డిస్ట్రిబ్యూటర్ మనిషి మాత్రం వారం తిరిగేసరికి బిల్లు పుస్తకంతో గుమ్మంలో నిలబడతాడు. కొట్టును మార్ట్‌గా మార్చమని మా బావగారు, అరువు ఆపితే కొట్టు మూసినట్టేనని నాన్నగారు అంటున్నారు. ఈ దశ దాటినవారు సలహా ఇవ్వగలరా?

గూడెం వర్తకుడు:
ప్యాకెట్ సరుకు ధరలో పోటీకి దిగకండి, అది మీ చేతిలో లేని పని. తాడేపల్లిగూడెంలో పదిహేనేళ్లు డిస్ట్రిబ్యూటర్‌గా చేసిన అనుభవంతో చెబుతున్నాను. మీ కొట్టుకు చేరే సబ్బు దారిలో మా గోడౌన్ల వంటి చోట్ల ఆగి, ఆగిన ప్రతిచోటా కొంత లాభం వదిలి వస్తుంది. ఊరూరా శాఖలున్న సూపర్ మార్కెట్లు చాలా సరుకును నేరుగా కంపెనీ దగ్గరే తీసుకుంటాయి. 2002లో ముంబయిలో మొదలైన డీమార్ట్‌నే చూడండి: దుకాణాలు ఎక్కువగా సొంత స్థలాల్లో ఉండడం వల్ల అద్దె భారం తక్కువ, సరుకు పంపినవారికి త్వరగా డబ్బు కట్టడం వల్ల కొనుగోలులోనే రాయితీ ఎక్కువ. మీ డబ్బేమో ఖాతా పుస్తకంలో ఇరుక్కుపోయింది.

మీకు కలిసొచ్చేది విడి సరుకు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబుల్ వేసి ముందే ప్యాక్ చేసిన బియ్యం బస్తాలపై 5 శాతం జీఎస్టీ వేస్తే, మార్కెట్లో వెంటనే 26 కిలోల బస్తాలు కనబడ్డాయి. పెద్ద బస్తా విప్పి కాటా మీద తూచి ఇచ్చే బియ్యానికి ఆ పన్ను లేదు. ఎండుమిరప, చింతపండు, బెల్లం, పప్పుల నాణ్యత చూసి తేగలిగితే ధర పోల్చుకునే అవకాశమే ఉండదు.

దానవాయిపేట:
నేను కొట్టు నడిపే మనిషిని కాను, రాజమండ్రిలో ఇల్లు నడిపే మనిషిని. మా వీధి కొట్టు మానేయడానికి ధర ఒక్కటే కారణం కాదని చెప్పాలనిపించింది. నలుగురు మగవాళ్లు నిలబడి ఉండగా శానిటరీ ప్యాడ్లు అడగడం, వాటిని పాత పేపరులో దొంగసొత్తులా చుట్టి ఇవ్వడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. బిస్కట్ ప్యాకెట్ మీద తేదీ చూస్తుంటే ‘మా దగ్గర పాతవి ఉండవమ్మా’ అని కొట్టాయన నొచ్చుకునేవారు. కాటా అంకెలు ఆయన వైపే ఉండేవి. మోసం చేశారని అనడం లేదు, కానీ తూకం నాకు కనబడేది కాదు. పెద్ద మార్కెట్లో బుట్ట పట్టుకుని నా ఇష్టం వచ్చినంత సేపు తిరుగుతాను. చింతపండుకు మాత్రం ఇప్పటికీ ఆయన దగ్గరకే వెళతాను, బాగోలేకపోతే మారు మాట లేకుండా వెనక్కి తీసుకుంటారు.

అమలాపురం నుంచి:
నేను 2019లో మార్ట్‌గా మార్చాను. ర్యాకులకూ కంప్యూటర్ బిల్లింగ్‌కూ పెట్టిన ఖర్చు ఒకసారితో పోయింది, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా పలకరిస్తోంది. అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. కోటిన్నర లోపు వర్తకులకు కాంపొజిషన్ పద్ధతిలో (మొత్తం అమ్మకం మీద ఒకే రేటున పన్ను కట్టే పద్ధతి) 1 శాతంతో సరిపోతుంది గానీ, ఆ పన్నును కొనేవారి దగ్గర విడిగా వసూలు చేయకూడదు, కొనుగోలుపై కట్టిన పన్ను వెనక్కి రాదు. ఇవి లెక్కలో వేసుకోకుండా మార్ట్ పెట్టకండి.

అరువు విషయంలో మీ నాన్నగారి మాట సగం నిజమండీ. నెల జీతగాళ్ల ఖాతాలు నేను మెల్లగా ఆపేశాను, ఎందుకంటే వారి రొక్కం ఎలాగూ వేరేచోటికి పోతోంది. పంట ఖాతాలు ఉంచాను. ఆ రైతు ఉప్పు నుంచి పండగ పిండివంటల సరుకు దాకా నా దగ్గరే కొంటాడు, డబ్బు వచ్చే నెల కూడా ఇద్దరికీ తెలుసు. ఒక్కో ఇంటికి ఇంత అని పరిమితి పెట్టి, వారి ముందే చదివి రాస్తున్నాను.

పాలకొల్లు పచారీ:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారూ నేనూ రెండు రాత్రులు కూర్చుని ఖాతా పుస్తకం తిరగేశాం. 112 పేర్లలో పంట ఖాతాలు 38 మాత్రమే తేలాయి. మొండిబాకీలలో ఎక్కువ భాగం నెల జీతాలవారివే కావడం ఆయన్ను కూడా ఆశ్చర్యపరిచింది. ఒక పేజీలో పెన్సిల్‌తో ‘అమ్మాయి పెళ్లి, అడగవద్దు’ అని ఉంది. ఆ పెళ్లి ఎప్పుడు జరిగిందని అడిగితే, ఆ అమ్మాయి కొడుకు ఇప్పుడు బడికి వెళుతున్నాడని చెప్పారు.

మార్ట్ ఆలోచన వాయిదా వేశాం. వచ్చే నెల నుంచి జీతగాళ్లకు కొత్త పద్దులు రాయము. సబ్బులు, ప్యాడ్ల వంటివి కొనేవారే తీసుకునేలా గుమ్మం పక్క గోడకు రెండు ర్యాకులు కొట్టించాను. నిన్న కాటాను కూడా బయటివైపుకు తిప్పాను. నాన్నగారు రోజంతా అంకెల కోసం అటు తొంగి చూస్తూనే ఉన్నారు.