35 ఏళ్ళ వయసులో రెండోసారి పళ్ళకు క్లిప్పులు వేయించుకోవచ్చా?

ప్రశ్న:
నమస్కారం అండీ. ఇంటర్‌లో ఉండగా ఎత్తుపళ్ళకని నాకు క్లిప్పులు వేశారు. పైన రెండు, కింద రెండు పళ్ళు తీసేసి మిగతావి లోపలికి లాగారు. పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకునే రిటైనర్ రెండేళ్ళు పెట్టుకుంటే చాలన్నారు, పెట్టుకున్నాను. ఇప్పుడు నాకు 35. కింది ముందుపళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి, పైన మధ్యలో సందు వచ్చింది. బ్రష్ చేస్తుంటే అప్పుడప్పుడు రక్తం కనిపిస్తోంది. "ఈ వయసులో పళ్ళు కదిపితే వదులైపోతాయి" అని మా అత్తయ్యగారు అంటున్నారు. నిజమేనా? మళ్ళీ పళ్ళు తీస్తారా? క్లిప్పులు మంచివా, తీసి పెట్టుకునే పారదర్శకమైన అలైనర్లా? రోజంతా కాల్స్‌లో మాట్లాడే ఉద్యోగం, అదో టెన్షన్.

జవాబు (ఆర్థోడాంటిస్ట్, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టర్):
వయసు అడ్డు కాదండీ. పంటి మీద తేలికగా ఒత్తిడి పెడితే అది కదిలే వైపు ఎముక కరిగి, వెనక కొత్త ఎముక కడుతుంది. పెద్దవాళ్ళలో ఇది కాస్త నెమ్మదిగా జరుగుతుంది, అంతే. చికిత్స నడుస్తున్నన్నాళ్ళు పళ్ళు కొంచెం వదులుగా అనిపించడం మామూలే.

నన్ను ఆలోచింపజేసింది మీరు చెప్పిన రక్తం. చిగుళ్ళ జబ్బుతో ఎముక తగ్గి ఉంటే పైపళ్ళ మధ్య సందు దానివల్లే వచ్చి ఉండొచ్చు. ఆ స్థితిలో పళ్ళు కదిపితే మీ అత్తయ్యగారి భయమే నిజమవుతుంది. కాబట్టి ముందు పంటికీ చిగురుకీ మధ్య ఉండే సందు లోతు కొలిపించుకోండి. ఆరోగ్యంగా ఉన్నచోట 3 మిల్లీమీటర్లు దాటదు. క్లీనింగ్, అవసరమైతే చిగుళ్ళ చికిత్స పూర్తయి, రక్తం ఆగాకే క్లిప్పుల మాట. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి. ఎముకల బలానికి బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడి ఉంటే తప్పకుండా చెప్పండి.

మొదటిసారి పళ్ళు కదిలినప్పుడే కొందరికి పంటి వేళ్ళ కొనలు కరిగి పొట్టివవుతాయి. రెండోసారి మొదలుపెట్టే ముందు అది చూడకుండా ఎవరూ తీగ కట్టకూడదు. ఓపీజీ (పళ్ళన్నీ ఒకేసారి వచ్చే పెద్ద ఎక్స్‌రే) ఒక్కటే తీసి సరిపెట్టుకోవద్దు. అందులో ముందుపళ్ళు అంత స్పష్టంగా రావు, వాటికి విడిగా చిన్న ఎక్స్‌రేలు కావాలి. పాత ఎక్స్‌రేలు ఇంట్లో ఉంటే పట్టుకెళ్ళండి, పోల్చి చూస్తారు.

నాలుగు పళ్ళు ఇదివరకే తీశారు కాబట్టి మళ్ళీ తీసే అవసరం సాధారణంగా రాదు. పళ్ళ పక్కల ఎనామిల్‌ను సన్నని స్ట్రిప్‌తో కొద్దిగా, ఒక్కో సందులో అర మిల్లీమీటరు మించకుండా, అరగదీసి చోటు చేస్తారు. జ్ఞానదంతాలు నెట్టడం వల్లే ఇరుకైందని ఎవరైనా అంటే, దానికి గట్టి ఆధారం లేదు. అసలు క్లిప్పులే వేయించుకోని వాళ్ళకీ వయసుతో కింది ముందుపళ్ళు ఇరుకవుతాయి.

జవాబు (రెండోసారి చేయించుకున్న సభ్యురాలు):
నేను సిరామిక్ క్లిప్పులు వేయించుకున్నానండీ. పంటికి అతికించే బ్రాకెట్ పంటి రంగులోనే ఉంటుంది. కానీ దాని చుట్టూ తొడిగే తెల్లటి రబ్బరు రింగు, పసుపు వేసిన పప్పో పులుసో తింటే పచ్చబడిపోతుంది. మళ్ళీ మార్చేదాకా అంతే. రబ్బరు బదులు సన్న తీగ కట్టమని అడగండి. ఇంకోటి, నాకు ఎవరూ చెప్పనిది: ఇరుకు విప్పాక కింది ముందుపళ్ళ మధ్య, చిగురు దగ్గర చిన్న నల్లటి ముక్కోణపు సందులు కనిపించాయి. మన వయసువాళ్ళకి ఇది మామూలేనట. మీకు వస్తాయేమో ముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా. డాక్టర్‌గారూ, క్లినిక్‌కి రానక్కర్లేదు, అలైనర్లు ఇంటికే పంపిస్తామని ప్రకటనలు వస్తున్నాయి. వాటి సంగతేంటి?

ఆర్థోడాంటిస్ట్:
మీకైతే అస్సలు వద్దు. ఫోన్‌లో తీసిన ఫోటోలో పంటి వేళ్ళూ ఎముకా కనిపించవు. పైగా అమెరికాలో స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ అనే పెద్ద కంపెనీ 2023 డిసెంబర్‌లో మూతపడితే, చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళు దిక్కుతోచక నిలబడిపోయారు.

డాక్టర్ పర్యవేక్షణలో అయితే అలైనర్లు మీ కేసుకు బాగానే పనికి రావచ్చు. కాకపోతే రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. మంచినీళ్ళు తప్ప టీ, కాఫీ ఏది తాగినా తీయాలి. ఆఫీసులో గంటకో టీ అలవాటుంటే క్లిప్పులే నయం. మొదటి కొద్దిరోజులు 'స', 'శ' పలకడం తడబడుతుంది, సర్దుకుంటుంది. మార్చే ప్రతి కొత్త అలైనర్ సెట్‌ను శుక్రవారం రాత్రి మొదలుపెట్టుకుంటే సోమవారం కాల్స్‌కి ఇబ్బంది ఉండదు.

ఎవరి దగ్గరికి వెళ్ళినా ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేశారా అని అడగండి, మొహమాటం వద్దు. ఖర్చు భారమనిపిస్తే హైదరాబాద్, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోనూ ఆర్థోడాంటిక్ విభాగాలున్నాయి. ఎక్కువసార్లు తిరగాల్సి రావచ్చు.

చెప్పిన మొత్తంలో రిటైనర్ కూడా ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఈసారి రెండేళ్ళతో అయిపోదు, పళ్ళు సరిగ్గా ఉండాలనుకున్నంత కాలం రాత్రిళ్ళు పెట్టుకోవాలి. కింది పళ్ళ వెనక సన్న తీగ అతికించమని కూడా అడగొచ్చు. దాని కింద గార త్వరగా పేరుకుంటుంది, ఆరు నెలలకోసారి క్లీనింగ్‌కి వెళ్ళినప్పుడు తీగ ఎక్కడైనా ఊడిందేమో చూడమని చెప్పండి.