ఇంటర్ పిల్లల రంది: ఫోను, ర్యాంకు కాకుంట ఇంకేం చూడాలె?

నల్లగొండ_అక్క:
పిల్లగాడు మూతి ముడుచుకొని కూసుంటే మన దిక్కు రెండే మాటలు: "ఫోను చెడగొట్టింది", "మార్కులు రాలే". బళ్లల్ల, హాస్టళ్లల్ల, దవాఖాన్లల్ల పనిచేసేటోళ్లు ఇక్కడ శానామంది ఉన్నరు. డిప్రెషన్‌కు కారణాలు ఏడ దొరుకుతయో రాయుండ్రి. సొంత కథలు వద్దు, పనికొచ్చేది చెప్పుండ్రి.

పాలమూరు_కౌన్సెలర్:
అక్కా, ముందు రందికీ జబ్బుకీ తేడా తెలియాలి. దిగులు దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలు ఉండి నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే జబ్బేమోనని అనుమానించాలి. ఈ వయసులో ఏడుపు కన్నా చిరాకే ఎక్కువ కనబడొచ్చు. "పొగరెక్కింది" అని తిట్టేది ఒక్కోసారి దీన్నే. కారణం ఒక్కటే ఉండటం అరుదు. అమ్మానాన్నల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఈడొచ్చాక మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో సుమారు రెట్టింపు.

హాస్టల్_సార్:
అందరు ర్యాంకు అంటరు గని, దానికి ముందు మీడియం మారుడు ఉంటది. పదో తరగతి దాకా "ద్రవ్యవేగం" అని చదివిన పిల్ల ఎంపీసీల చేరంగనే బోర్డు మీద "మొమెంటమ్" అని ఉంటది. లెక్క వస్తది, ప్రశ్న సమజ్ కాదు. ఊరి బడిల ఫస్టొచ్చిన పిల్ల మొదటి వీక్లీ టెస్టుల అడుక్కు పోతది. ఇగ "నాకు చదువు రాదు" అని ఖాయం చేసుకుంటది. మొదటి రెండు నెలలు రోజుకు పది మాటలు, రెండు భాషలల్ల పక్కపక్కన నోట్‌బుక్కుల రాయించాలె. ఖర్చు లేని పని, చేసేటోళ్లే తక్కువ.

ఇంకోటి నిద్ర. 13 నుంచి 18 ఏళ్లోళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలె. రాత్రి 11 దాకా స్టడీ, పొద్దుగాల 5కు గంట కొడితే ఆరు గంటలు గూడ పడయి. ఆపైన మార్కులను బట్టి సెక్షన్ మార్చుడు. కింది సెక్షన్‌కు పరుపు, ట్రంకు పెట్టె మోసుకుంట పోతుంటే అందరు చూస్తనే ఉంటరు.

ల్యాబ్_భాయ్:
రక్తం గూడ చూపియ్యండి భాయ్. థైరాయిడ్ తక్కువున్నా, రక్తం తక్కువున్నా, బీ12 తగ్గినా నీరసం, మతిమరుపు, ఏ పని మీద మనసు రాకపోవుడు అచ్చం ఇట్లనే ఉంటయి. హిమోగ్లోబిన్ ఆడపిల్లకు 12, పదిహేనేళ్లు నిండిన మగపిల్లగానికి 13 కన్నా తక్కువుంటే రక్తహీనతే. బడిల వారానికొకటి ఇచ్చే నీలం మాత్రల 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటయి. కడుపుల తిప్పుతదని కిటికీల నుంచి పడేస్తరు. అన్నం తిన్నంక వేసుకోవాలె, చాయ్‌తోని మాత్రం వద్దు. దొడ్డికి నల్లగ అయితే భయపడొద్దు, అది ఐరన్ రంగు. ఒక్క మాట: రిపోర్టు నార్మల్ వచ్చిందని "అంత నాటకం" అనొద్దు. డిప్రెషన్ రక్తంల కనబడదు.

మక్తల్_టీచరమ్మ:
వలస సంగతి ఎవరూ రాయలేదు. అమ్మానాన్న పుణె, ముంబయి పనులకు పోతే పిల్లలు నాయనమ్మ దగ్గర ఉంటారు. పెద్దపిల్ల మీదే వంట, తమ్ముడు, ముసలోళ్ల మందులు. పెళ్లి మాటలు కూడా అప్పుడే మొదలవుతాయి. బడి మానేదీ అప్పుడే. "వీలైనప్పుడు ఫోన్ చేస్తం" అనకుండా వారానికి రెండు రోజులు, ఒకే టైముకు చేయమని వాళ్లకు చెప్పండి. మొదటి మాట మార్కుల గురించి కాకుండా "ఏం తిన్నవ్ బిడ్డా" అని ఉండాలి.

ఇంట్లో కల్లు, కొట్లాటలు ఉంటే పిల్లవాణ్ణి ఒక్కణ్ణే కౌన్సెలింగ్‌కు పంపి లాభం లేదు. పిల్లవాడే మత్తు కలిపిన కల్లుకు అలవాటుపడ్డాడని తెలిస్తే ఒక్కసారిగా బంద్ చేయించొద్దు. ఫిట్స్ రావచ్చు. దవాఖానలోనే మాన్పించాలి.

దేవరకొండ_తమ్ముడు:
అంటే ఫోనుకు తప్పేం లేదంటరా?

పాలమూరు_కౌన్సెలర్:
ఉంది తమ్మీ. కానీ ఏది ముందొచ్చిందో అడగాలి. నిద్ర పట్టక ఫోను పట్టుకున్నాడా, ఫోను పట్టుకుని నిద్ర పోగొట్టుకున్నాడా? గుంజుకుంటే గొడవే మిగులుతుంది. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ, నాన్నదితో సహా, హాల్లో చార్జింగుకు పెట్టాలి. ఫొటోలు చూపి ఎవరైనా బెదిరిస్తుంటే మాత్రం అది వేరే సంగతి. పైసలు పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆడపిల్ల హఠాత్తుగా ముడుచుకుపోతే ఇది కూడా మనసులో పెట్టుకోవాలి.

నల్లగొండ_అక్క:
"చచ్చిపోత" అంటే ఏం జెయ్యాలె? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తమేమో అని బుగులు.

పాలమూరు_కౌన్సెలర్:
అడిగితే పుట్టదు. "బతకాలని లేదా బిడ్డా, చచ్చిపోవాలనిపిస్తుందా" అని సూటిగానే అడగాలి. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు దవాఖానకు తీసుకుపోవాలి. పత్తికి కొట్టే మందు డబ్బాలు మన ఇళ్లలో మంచం కింద, గోడ గూట్లో ఉంటాయి. వాటిని ఇంట్లోంచే తీసేయాలి, కుదరకుంటే తాళం వేసి తాళంచెవి పెద్దవాళ్ల మొలకు కట్టుకోవాలి. పెద్దవాళ్ల బీపీ, నిద్ర మాత్రలకూ అంతే. రాత్రి పూటైనా సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

డాక్టరు మందు రాస్తే గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. మొదటి కొన్ని వారాలు పిల్లను దగ్గరుండి గమనించాలి, అలజడి పెరిగితే వెంటనే చెప్పాలి. బాగైందని సొంతంగా ఆపొద్దు. తగ్గాక కూడా మామూలుగా ఆరు నెలలకు పైనే వాడమంటారు.

హాస్టల్_సార్:
నల్లగొండ, పాలమూరు పెద్ద దవాఖాన్లకు పోతే ఓపీ చిట్టీ కాడ "మానసిక వైద్య విభాగం" అని చెప్పుండ్రి, లేకుంటే జనరల్ మెడిసిన్ లైన్ల నిలబెడతరు. నిద్ర ఎన్ని గంటలు, ఎప్పటి నుంచి, తిండి ఎట్లుంది అని కాయితం మీద రాసుకొని పోండ్రి. "పిల్లతోని ఒక్కదానితోనే మాట్లాడత" అని డాక్టరు అంటే గునుగకుంట బయటికొచ్చి కూసోండ్రి.